చిత్రహింసల తర్వాత ఇచ్చిన వాంగ్మూలం ఎప్పుడు చెల్లుతుంది?

న్యాయశాస్త్రం తెలిసినవారు దయచేసి ఈ సందేహం తీర్చండి. క్యూబాలోని అమెరికా సైనిక స్థావరం గ్వాంటనామోలో జరిగే సైనిక విచారణల గురించి చదువుతున్నాను.

2000లో యెమెన్‌లోని ఏడెన్ రేవులో యూఎస్ఎస్ కోల్ నౌకపై జరిగిన దాడిలో 17 మంది అమెరికన్ నావికులు చనిపోయారు. నిందితుడు అల్ నషీరీ 2002లో పట్టుబడ్డాడు. సీఐఏ అతన్ని దాదాపు నాలుగేళ్లు రహస్య జైళ్లలో ఉంచి, నీళ్లు పోసి ఊపిరాడకుండా చేసింది, తుపాకీతో, డ్రిల్లుతో బెదిరించింది. ఇవన్నీ 2014లో సెనేట్ కమిటీ బయటపెట్టిన నివేదికలోనే ఉన్నాయి. 2006లో గ్వాంటనామోకు తరలించాక, 2007లో వేరే అధికారులు కొట్టకుండా, తిట్టకుండా అడిగితే నేరం ఒప్పుకున్నాడు. ఆ ఒప్పుకోలును 2023లో సైనిక న్యాయమూర్తి తోసిపుచ్చారు.

నాకు ఆ తీర్పు సరైనదే అనిపిస్తోంది. నాలుగేళ్ల భయం గది మారితే పోతుందా? కానీ చట్టం ఆ భయాన్ని ఎలా కొలుస్తుంది? గడిచిన కాలమా, అడిగిన మనుషులు మారడమా, పక్కన న్యాయవాది లేకపోవడమా, దేనికి ఎక్కువ బరువు? స్వేచ్ఛగా చెప్పాడని రుజువు చేయాల్సింది ప్రాసిక్యూషనేనా? అమెరికాలోని మామూలు ఫెడరల్ కోర్టుల్లోనూ ఇదే కొలమానమా? మన దేశంలో పోలీసులకిచ్చిన ఒప్పుకోలు సాధారణంగా సాక్ష్యంగానే చెల్లదు కనుక ఈ తర్కం నాకు కొత్తగా ఉంది.

ఆ నావికుల కుటుంబాలు ఇరవై ఏళ్లకు పైగా న్యాయం కోసం ఎదురుచూశాయి. హింసించినవారు వారికీ అన్యాయం చేశారనే నా బాధ. తీర్పులోని తర్కాన్ని తెలుగులో కాస్త వివరంగా చెప్పగలిగితే ఎంతో మేలు చేసినవారవుతారు.