అప్‌డేట్: అమ్మ తుంటి ఆపరేషన్ అయిపోయింది

అమ్మకి తుంటి కీలు మార్పిడిలో సిమెంట్ లేని కప్పు (ఎముక సిమెంట్‌తో అతికించకుండా తుంటి గుంతలో బిగించే గిన్నెలాంటి భాగం) వేస్తామంటున్నారు, ఊడిపోదా అని ఇదివరకు ఇక్కడ అడిగాను కదా. ఆపరేషన్ అయి 12 రోజులైంది.

నా టెన్షన్ చూసి డాక్టర్‌గారు శాంపిల్ కప్పు చేతిలో పెట్టారు. టైటానియం చిప్ప, బయటివైపు గరుకు కాగితంలా ఉంది. తుంటి గుంతను కప్పు కన్నా ఓ మిల్లీమీటరు తక్కువగా తొలిచి, బిగుతుగా దిగ్గొడతారట. ఆ గరుకు వైపు ఉండే సన్న రంధ్రాల్లోకి ఎముక పెరిగి పట్టుకోవడానికి 6 నుంచి 12 వారాలు. అంతదాకా ఆ బిగుతే ఆధారం. అమ్మకి ఎందుకైనా మంచిదని రెండు స్క్రూలు కూడా వేశారు. కప్పు లోపల ప్లాస్టిక్ లైనర్, అంటే అస్తరులాంటి పొర.

మలక్‌పేటలో మా ఇంట్లో ఇప్పుడు అసలు గొడవ వేరు. కింద కూర్చోవద్దన్నారా, ఈవిడేమో వాకర్‌తో వంటింట్లోకెళ్లి కత్తిపీట వెతుకుతోంది. అటక మీద దాచేశాను, చెప్పలేదు.