షిప్‌కీ స్కూబాకీ ఒకటే వాచీ: డైవ్ జీఎంటీలో ఏది చూడాలి?

డెక్_వైజాగ్
మర్చంట్ నేవీ. జాయినింగ్ ఎక్కువగా సింగపూర్‌లోనో ఫుజైరాలోనో. సెలవుల్లో రుషికొండలో స్కూబా. షిప్ టైము, ఇంటి టైము రెండూ కనపడే వాచీ, అదే 24 గంటల ముల్లు అదనంగా ఉండే జీఎంటీ, కావాలి, నీళ్ళలో దిగినా భయముండకూడదు. కొన్నిటి బెజెల్ (అద్దం చుట్టూ ఉండే వలయం) మీద 24 గంటల అంకెలున్నాయి, కొన్నిటి మీద 60 నిమిషాలు. ఏది మేలు? మన టైము యూటీసీ (ప్రపంచ ప్రామాణిక సమయం) కంటే 5:30 ముందు కదా, ఆ అరగంట ఇబ్బంది పెడుతుందా?

అలల_అడుగున
60 నిమిషాలదే తీసుకోండి. అది అపసవ్యంగా మాత్రమే తిరుగుతుంది. పడవ అంచుకి తగిలి ఒక టిక్కు జరిగినా నీళ్ళలో గడిచిన టైము ఎక్కువే చూపిస్తుంది, కాస్త ముందే పైకొస్తారు, అంతే. 24 గంటల బెజెల్‌తో ఆ లెక్క కుదరదు. రెండో టైము అంకెలు అద్దం లోపల, డయల్ అంచున ఉన్నవి చూడండి. సీకో ప్రాస్పెక్స్ డైవ్ వాచీల్లో 6ఆర్54 మిషన్ ఉన్నవి అలాంటివే.

సీకో 5 జీఎంటీ చవక, అందంగానూ ఉంటుంది. కానీ 100 మీటర్లే, క్రౌన్ (పక్కన టైము మార్చే బొడిపె) మర బిగించేది కాదు. ఈతకి సరే, స్కూబాకి వద్దు. డయల్ మీద ‘డైవర్స్ 200 ఎం’ అని ఉండాలి, అది డైవ్ వాచీల అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్ఓ 6425 ప్రకారం పరీక్షించినవాటికి వేసే మాట. ఉత్త ‘వాటర్ రెసిస్టెంట్’ వేరు.

నీళ్ళలో అసలు లెక్క డైవ్ కంప్యూటర్‌దే (లోతు, టైము లెక్కగట్టే పరికరం), వాచీ తోడు మాత్రమే. బెజెల్ త్రిభుజాన్ని నిమిషాల ముల్లుకి పెట్టాలి. కంగారులో రెండో టైము చూపే రంగు ముల్లుకి పెట్టేవాళ్ళున్నారు.

బ్రిడ్జ్_వాచ్
మిషన్ రకం కూడా చూసుకోండి. ఎన్‌హెచ్34, 6ఆర్54లలో క్రౌన్ ఒక మెట్టు లాగి తిప్పితే 24 గంటల ముల్లు ఒక్కటే గెంతుతుంది. మియోటా 9075, ట్యూడర్ బ్లాక్ బే జీఎంటీల్లో మామూలు గంటల ముల్లు గెంతుతుంది, వాచీ ఆగదు. షిప్ గడియారాలు గంట జరిపినప్పుడల్లా మీకు ఈ రెండోదే సుఖం. మొదటి రకంలో వాచీ ఆపి టైము మార్చి, దాంతోపాటు కదిలిన 24 గంటల ముల్లుని మళ్ళీ వెనక్కి తేవాలి.

అరగంట సంగతికొస్తే, ఏ రకమైనా గెంతేది పూర్తి గంటే. షిప్ యూటీసీ +8లో రాత్రి 8:00 అంటే ఇంట్లో సాయంత్రం 5:30. ముల్లు మాత్రం 17 మీదో 18 మీదో నిలబడుతుంది. దానికంటే ముల్లుని యూటీసీకి పెట్టేయండి. జీఎండీఎస్ఎస్ (ఓడల ఆపద రేడియో) లాగ్ ఎలాగూ యూటీసీలోనే రాయాలి, షిప్ టైము మామూలుగా పూర్తి గంటల తేడాయే కాబట్టి ముల్లు గీత మీద సరిగ్గా కూర్చుంటుంది. ఇంటికి 5:30 కలుపుకోవడమే.

వైజాగ్‌లో దిగాకే తిరకాసు. నిమిషాలు మన టైముకి మార్చాక మధ్యాహ్నం 3:30కి యూటీసీ 10:00, కానీ ముల్లు 10కీ 11కీ మధ్య ఉంటుంది. అరగంట తీసేసి చదవాలి.

డెక్_వైజాగ్
యూటీసీకే పెడతానండి. మరి ఈ ఉప్పుగాలికి చైన్ మంచిదా, రబ్బరు బెల్టా?

మరమ్మతు_బల్ల
బెల్టే. పొడవు పెంచుకునే ఎక్స్‌టెన్షన్ లేని చైన్ వెట్‌సూట్ (మందపాటి డైవింగ్ దుస్తులు) మీద పట్టదు. అయినా పాడుచేసేది గాలి కంటే ఎండిపోయిన ఉప్పు. పైకొచ్చిన రోజే వాచీని మంచినీళ్ళలో పెట్టి, బెజెల్‌ని రెండు మూడు చుట్లు తిప్పి కడగండి. రుషికొండ ఇసుక రేణువు ఒకటి బెజెల్ కింద ఇరుక్కుంటే చాలు, బిగుసుకుపోతుంది. అప్పుడు గోరువెచ్చని నీళ్ళలో నానబెట్టాలి, నూనె వేయొద్దు, ఇసుక ఇంకా పట్టుకుంటుంది. బెల్టు పిన్నులు చవకే, తుప్పు కనిపిస్తే మార్చేయండి. తడిగా ఉన్నప్పుడు క్రౌన్ లాగకండి, టైము మార్చాక మర పూర్తిగా బిగించండి. లోపలికి నీళ్ళు ఎక్కువగా వెళ్ళేది బిగించని క్రౌన్ గుండానే. వాషర్లు రెండు మూడేళ్ళకోసారి మార్పించి, ప్రెషర్ టెస్ట్ చేయించండి.

అనుమానముంటే వాచీని 40–45 డిగ్రీలకి వేడెక్కనిచ్చి, అద్దం మీద చన్నీటి చుక్క వేసి, ఒక నిమిషం ఆగి తుడవండి. అద్దం లోపలివైపు ఆవిరి మచ్చ కనిపిస్తే తేమ చేరినట్టే. బియ్యం డబ్బాలో పెట్టకుండా ఆ రోజే మిషన్ విప్పించండి.