ఒళ్లు చేసిన లెపర్డ్ గెక్కోని (మచ్చల పెంపుడు బల్లిని) పస్తు పెట్టొచ్చా?

తోకబలం: తోక మెడకంటే లావు, చంకల్లో ఉబ్బులు. ఇలాంటి పెద్ద గెక్కోకి 3 వారాలు తిండి ఆపి నీళ్లు పెడితే చాలు. తోకలో కొవ్వు దాచుకునేదే అందుకు కదా, బయట తిరిగే బల్లి తిండి దొరకనప్పుడు దానిమీదే గడుపుతుంది!

రాతిబల్లి: దాచుకున్నదంతా సాఫీగా ఖర్చవదండీ. తిండి ఒక్కసారిగా ఆగితే ఆ కొవ్వు కరిగి రక్తంలోంచి కాలేయానికి చేరుతుంది. దాన్ని ప్రొటీన్‌తో కలిపి కాలేయం బయటికి పంపాలి. ప్రొటీనే అందకపోతే కణాల్లో పేరుకుంటుంది, ఆకలి చచ్చిపోతుంది. తినదు కాబట్టి ఇంకా కొవ్వు వచ్చి పడుతుంది. బయట తిరిగే బల్లి పొట్టలో ఇంత కొవ్వు ఉండదు, మీ పోలిక అక్కడే చెడింది.

తోకబలం: మరి మేపుతూ సన్నబరిచేదెలా?

రాతిబల్లి: ముందు వ్యాక్స్‌వార్మ్స్ (మేతగా వేసే మైనపు పురుగులు) మానెయ్యండి. వాటి బరువులో దాదాపు అయిదో వంతు కొవ్వే, క్రికెట్లలో (కీచురాళ్లలో) సుమారు 6 శాతం. వారానికి రెండుసార్లు, పూటకి 4–6 క్రికెట్లు, దాని తల వెడల్పు మించనివి. వెచ్చటి మూల నేల 32 డిగ్రీలుండాలి, చల్లబడితే తిన్నది అరగదు. గ్రాముల త్రాసుమీద వారానికోసారి తూచండి. 80 గ్రాముల బల్లి నెలకి 3 గ్రాములు తగ్గితే చాలు. ఒక్క వారం తేడా చూసి కంగారొద్దు, రెట్ట వేసినా అంకె మారుతుంది.

స్కాన్‌చూపు: ఆడదైతే ఆ సంగతి ముందు తేల్చండి. గుడ్లు తయారయ్యే కాలంలో సొన కోసం కాలేయంలో కొవ్వు సహజంగానే చేరుతుంది. అల్ట్రాసౌండ్‌లో కాలేయం తెల్లగా కనిపించగానే జబ్బనేస్తే ఎలా? రక్తపరీక్షలో కాలేయం కోసం చూసే ఏఎస్‌టీ అనే ఎంజైమ్ కండరం దెబ్బతిన్నా పెరుగుతుంది, కండరం దెబ్బని చూపే సీకే అంకెతో పోల్చి చదవాలి. ఖాయంగా తేల్చేది కాలేయం ముక్క తీసి చూసే బయాప్సీయే.

తోకబలం: బ్రూమేషన్‌లో (చలికాలపు మందకొడి నిద్రలో) నెలల తరబడి తినవుగా?

రాతిబల్లి: అప్పుడు ఒళ్లు చల్లబడుతుంది, ఖర్చూ పడిపోతుంది. మీ పస్తు 32 డిగ్రీల దగ్గర.

తోకబలం: సరే, చురుగ్గా తిరిగే మగదానికి 10 రోజుల విరామంతో ఏమీ కాదనే ఇప్పటికీ నా మాట.

స్కాన్‌చూపు: 10 రోజులకి నాకూ పేచీ లేదు, మీరన్నది 3 వారాలు. అదే తనంతట తాను తినడం మానేసిన లావు బల్లైతే వారం దాటనివ్వకుండా సరీసృపాలు చూసే వైద్యుడి దగ్గరికి తీసుకెళ్లాలి. ఒంట్లో నీరు, వేడి సరిచేశాకే ట్యూబు తిండి. ఎండిపోయిన ఒంటికి ముందే పోస్తే పొట్టలోనే నిలిచి కుళ్లుతుంది.