ఇంటిల్లిపాదికీ ఒకే రైఫిల్: ఏ కాలిబర్ (తూటా సైజు)?

గురి_చూసుకో
డాలస్ దగ్గర ఉంటాం. నాకు, మా ఆవిడకి, 13 ఏళ్ల అబ్బాయికి పనికొచ్చేలా ఒకే బోల్ట్ యాక్షన్ రైఫిల్ కట్టించాలని ఉంది. రెమింగ్టన్ 700 షార్ట్ యాక్షన్ కొలతల్లో యాక్షన్ (బోల్ట్, ట్రిగ్గర్ కూర్చునే నడిమి భాగం) ఎంచుకున్నా, బ్యారెల్ (గొట్టం) దగ్గర ఆగిపోయా. టెక్సస్ హిల్ కంట్రీలో తెల్లతోక జింక, అడవిపంది, అదీ 200 గజాల లోపే. ఎప్పుడైనా కొలరాడోలో ఎల్క్ (పెద్ద జాతి దుప్పి). స్కోప్‌తో కలిపి బరువు ఏడున్నర పౌండ్లు. ఒకరు .308 అంటారు, ఇంకొకరు .243 అంటారు. ఇంకో మాట, మా బావమరిది హెచ్-1బి మీద ఉన్నాడు. అతనూ కాల్చొచ్చా?

బోల్ట్‌ఫేస్
ఇంట్లో అందరికంటే చిన్న భుజం ఎవరిదో ముందు చూడండి. వాళ్లకు కుదిరిందంటే మీకూ కుదురుతుంది. మీరు చెప్పిన బరువుకి వెనక్కి తన్నే లెక్క సుమారుగా ఇదీ: .243లో 100 గ్రెయిన్ల (గ్రెయిన్ అంటే తూటా బరువు కొలత) తూటాకి తొమ్మిదిన్నర ఫుట్-పౌండ్లు (శక్తి కొలత), 6.5 క్రీడ్‌మూర్‌లో 140 గ్రెయిన్లకి 13, 7ఎంఎం-08లో 140కి 14, .308లో 165కి 17 దాటుతుంది. 13 ఏళ్ల పిల్లాడి చేత .308 పట్టించి ఇరవై రౌండ్లు కాల్పిస్తే, ఇరవయ్యొకటో రౌండుకి ట్రిగ్గర్ నొక్కకముందే కళ్లు మూసుకుంటాడు. ఆ అలవాటు వదిలించడం తుపాకీ కట్టడం కంటే కష్టం.

.243 జింకకి హాయిగా సరిపోతుంది. చిక్కల్లా ఎల్క్ దగ్గరే. కొలరాడోలో ఎల్క్‌కి కనీసం 6 మిల్లీమీటర్ల కాలిబర్, 85 గ్రెయిన్ల విచ్చుకునే తూటా, 100 గజాల దగ్గర 1000 ఫుట్-పౌండ్లు ఉండాలి. .243 ఈ గీత దాటుతుంది, కానీ తూటా కొంచెం పక్కకి తగిలితే సర్దుకునే వీలు తక్కువ. నా ఓటు 6.5 క్రీడ్‌మూర్‌కి: 22 అంగుళాల బ్యారెల్, 8 అంగుళాలకో చుట్టు తిరిగే రైఫ్లింగ్ (గొట్టం లోపలి గాళ్లు). 143 గ్రెయిన్ల తూటా సెకనుకు సుమారు 2700 అడుగుల వేగంతో బయల్దేరుతుంది. ఎల్క్‌కి 300 గజాలు హద్దు పెట్టుకుని, బాండెడ్ తూటా (లోపలి సీసం పై తొడుగుకి అతికించినది) గానీ పూర్తి రాగి తూటా గానీ వాడండి.

ఏడెనిమిది
ఒక్క మాట అడ్డొస్తున్నా. 7ఎంఎం-08 అంటే 1980లో రెమింగ్టన్ ఫ్యాక్టరీ రౌండుగా తెచ్చినది, .308 కేసుకే (ఇత్తడి గుల్ల) మెడ తగ్గించింది. తన్నులో 6.5కీ దీనికీ తేడా ఒక్క ఫుట్-పౌండే, తూటా మాత్రం కాస్త లావు. ఎల్క్ నిజంగా మీ జాబితాలో ఉంటే ఇదే మేలు. పిల్లాడికి మొదటి సీజన్లో 120 గ్రెయిన్ల తేలిక లోడ్ పెడితే .243 కంటే పెద్దగా తేడా తెలియదు. ఒప్పుకోవాల్సిన లోటు ఒకటుంది: ఊళ్లో చిన్న దుకాణానికి వెళ్తే 6.5 నాలుగు రకాలుంటుంది, 7ఎంఎం-08 ఒక్కటైనా ఉంటే అదృష్టం. నాలుగైదు పెట్టెలు ఒకేసారి, ఒకే లాట్ నంబరు చూసి కొనిపెట్టుకోండి.

ఇంట్లో ఇప్పటికే .308 ఉంటే మాత్రం 7ఎంఎం-08 జోలికి పోకండి. రెండు కేసులూ చూడ్డానికి ఒకలాగే ఉంటాయి. 7ఎంఎం-08 రౌండు .308 చాంబర్లోకి (బ్యారెల్లో రౌండు కూర్చునే చోటు) దూరిపోయి పేలుతుంది కూడా.

స్టాక్_పని
కాలిబర్ గురించి ఇంత చర్చ సరే, స్టాక్ (భుజానికి ఆనించే భాగం) మాట ఎవరూ ఎత్తలేదేం? తన్ను సగం స్టాక్ కుదరకపోవడం వల్లే వస్తుంది. మీకు ట్రిగ్గర్ నుంచి బట్ చివరిదాకా పదమూడున్నర అంగుళాలు కావాలి, అబ్బాయికి పన్నెండున్నర చాలు. అర అంగుళం స్పేసర్లు (బట్‌కీ ప్యాడ్‌కీ మధ్య పెట్టే పలకలు) రెండు పట్టే స్టాక్ తీసుకోండి. స్పేసర్లు వేసినప్పుడు ప్యాడ్‌కి పొడుగు స్క్రూలు కావాలి, అవి డబ్బాలో ఉన్నాయో లేదో చూసుకోండి.

ఇక్కడ చాలామంది చేసే పొరపాటు: స్పేసర్లు రెండూ తీసేసి స్కోప్‌ని అలాగే వదిలేస్తారు. కన్ను అంగుళం ముందుకు జరిగిపోతుంది, స్కోప్ అంచు కనుబొమ్మని చీరేస్తుంది. పికటినీ రైలు (స్కోప్ రింగులు బిగించే గాళ్ల పట్టీ) వేయించి, మీ గాడికి తెల్ల చుక్క, వాడి గాడికి ఎర్ర చుక్క పెట్టుకోండి. రింగు జరిపిన ప్రతిసారీ మూడు రౌండ్లు కాల్చి జీరో (స్కోప్ గురి సరిగ్గా ఉందా) చూడాల్సిందే.

మజిల్ బ్రేక్ (గొట్టం చివర గ్యాసుని పక్కకి మళ్లించే బిగింపు) వద్దు. తన్ను తగ్గుతుంది, నిజమే, కానీ ఆ చప్పుడుకే పిల్లలు ఉలిక్కిపడతారు. చెవికి లోపల ప్లగ్గులు, పైన మఫ్‌లు, రెండూ పెట్టించండి.

కాగితాల_మనిషి
బావమరిది సంగతి: ఫెడరల్ చట్టం ప్రకారం నాన్-ఇమిగ్రెంట్ వీసా మీద ఉన్నవాళ్లు తుపాకీ గానీ తూటా గానీ దగ్గర పెట్టుకోకూడదు. చెల్లుబాటయ్యే హంటింగ్ లైసెన్స్ చేతిలో ఉంటే మినహాయింపు. టెక్సస్ లైసెన్స్ ఏటా ఆగస్టు 31తో ముగుస్తుంది. సెప్టెంబర్‌లో కొత్తది కొనకుండా రేంజికి వస్తే అతను ఇరుక్కుంటాడు. గ్రీన్ కార్డుకి ఈ తలనొప్పి లేదు. 1971 సెప్టెంబర్ 2న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్లకి హంటర్ ఎడ్యుకేషన్ వర్తిస్తుంది, అంటే మీ ఆవిడకీ అబ్బాయికీ కూడా. ఇక చట్టం దృష్టిలో యాక్షనే తుపాకీ, కాబట్టి ఆర్డర్ పెట్టి తెప్పించుకుంటే అది డీలర్ ద్వారా 4473 ఫారం (తుపాకీ కొనేవాళ్లు నింపే ఫెడరల్ కాగితం) నింపే రావాలి.

గురి_చూసుకో
అందరికీ థాంక్సండీ. ఇంట్లో .308 ఏదీ లేదు. అయినా తూటాలు దొరకడం ముఖ్యం కాబట్టి 6.5కే వెళ్తున్నా. ప్రీఫిట్ బ్యారెల్ (చాంబర్ ముందే కోసి వచ్చేది) ఇంట్లో బిగించుకోవచ్చా?

బోల్ట్‌ఫేస్
బిగించొచ్చు గానీ, షోల్డర్ (యాక్షన్‌కి ఆనుకుని ఆగే అంచు) ఉన్న ప్రీఫిట్ అయినా హెడ్‌స్పేస్ (మూసిన బోల్ట్ ముఖానికీ, చాంబర్లో కేసు ఆగే చోటికీ మధ్య దూరం) చూడకుండా కాల్చొద్దు. బోల్ట్‌లోంచి ఫైరింగ్ పిన్, ఎజెక్టర్ రెండూ తీసేయండి. లేకపోతే స్ప్రింగ్ బిగువునే గేజ్ బిగువనుకుంటారు. గో గేజ్ (ఆ దూరానికి కనీస కొలత) పెడితే బోల్ట్ హ్యాండిల్ చిటికెన వేలు బరువుకే కిందికి దిగాలి. నో-గో (గరిష్ఠ కొలత) పెడితే మధ్యలోనే ఆగాలి. రెండో గేజ్ లేకపోతే గో గేజ్ వెనక ఒక పొర స్కాచ్ టేపు అంటించి చూడండి, అది అంగుళంలో సుమారు వెయ్యిలో రెండు వంతుల మందం. ఒక పొరకి కాస్త బిగిసి, రెండు పొరలకి మూసుకోకపోతే బాగా కుదిరినట్టే. రెండు పొరల మీద కూడా తేలిగ్గా మూసుకుంటే బ్యారెల్ విప్పి గన్‌స్మిత్ దగ్గరికి తీసుకెళ్లండి, బలవంతంగా తిప్పొద్దు.