అప్‌డేట్: ప్యాడిల్ బోర్డింగ్‌తో కేలరీలు ఖర్చవుతాయా అని అడిగాను కదా

రెండు నెలల కిందట అడిగింది నేనే. జిమ్ మానేసి ఇక్కడ ఆస్టిన్‌లోని లేడీ బర్డ్ లేక్‌లో స్టాండప్ ప్యాడిల్ బోర్డింగ్ (నీళ్లమీద పొడవాటి బోర్డుపై నిలబడి తెడ్డు వేయడం) మొదలుపెడితే బరువు తగ్గుతానా అని. "తెడ్డు వేయడం కూడా వ్యాయామమేనా" అని కొందరు నవ్వారు. ఒకాయన మాత్రం చేతులతో కాదు, నడుము తిప్పుతూ లాగమన్నారు. ఆయనకు దండం.

మొదటిరోజు తెడ్డు తిరగేసి పట్టుకున్నాను. దాని ఆకు ముందుకు వంగి ఉండాలట, నాది వెనక్కి ఉంది. పక్క బోర్డు మీద పోతున్న ఒక పెద్దావిడ చూసి చెప్పేదాకా తెలియలేదు. మర్నాడు నొప్పి చేతుల్లో ఉంటుందనుకున్నాను, తీరా చూస్తే అరికాళ్లలో! బోర్డు ఊగినప్పుడల్లా కాలివేళ్లు బిగబట్టి నిలబడ్డాను మరి.

ఇక లెక్క. ఆపకుండా తెడ్డేస్తే దీని మెట్ విలువ, అంటే కిలో బరువుకు గంటకు సుమారుగా ఖర్చయ్యే కేలరీలు, దాదాపు 6. నా 80 కిలోలకు గంటకు సుమారు 480 కేలరీలు. సరస్సు మీదున్న కాంగ్రెస్ అవెన్యూ వంతెన దగ్గర ఆగి, దాని కిందనుంచి సాయంత్రం గుంపుగా ఎగిరే గబ్బిలాల కోసం ఎదురుచూస్తే మాత్రం అంత రాదు, నేను చాలా సాయంత్రాలు అదే చేశాను.

ఇంకోటి, ముందు గాలికి ఎదురుగా వెళ్లండి. నేను గాలివాటున హాయిగా పోయి, తిరిగి రావడానికి నానా అవస్థ పడ్డాను.

3 కిలోలు తగ్గాను. రాత్రిపూట అన్నం మానేసిన పుణ్యం కూడా అందులో ఉంది. ఈ శనివారం మా ఆవిడా వస్తానంటోంది, ఇంకో లైఫ్ జాకెట్ కొనాలి.