ఫోన్ కౌన్సెలింగ్‌లో డిప్రెషన్ పేషెంట్ మారుతున్నట్టు దేన్ని బట్టి పట్టాలి?

ప్రశ్న: నల్లగొండ_ఫాలోఅప్

దేవరకొండ, మర్రిగూడ వైపు ఊళ్ల పేషెంట్లకు ఫోన్‌లోనే కౌన్సెలింగ్ నడుస్తోంది. వారానికో కాల్, అరగంట, మొత్తం 8 కాల్స్ అనుకున్నాం. అందరినీ సైకియాట్రిస్ట్ ఒకసారి చూశారు, కొందరికి ఎస్సిటాలోప్రామ్ (డిప్రెషన్ గోలీ) కూడా ఉంది. మూడు చోట్ల ఆగిపోతున్నాం.

పీహెచ్‌క్యూ-9 (డిప్రెషన్ ఎంతుందో కొలిచే తొమ్మిది ప్రశ్నల పట్టిక) స్కోరు తిన్నగా దిగడం లేదు. 17 ఉన్నది మూడో వారానికి 11కు వచ్చి, ఐదో వారంలో మళ్లీ 14 అయింది. ఇది తిరగబెట్టడమేనా? నాలుగో కాల్ తర్వాత కొందరు ఫోనే ఎత్తడం లేదు. నయమై మానేశారో, ఇంకా కుంగిపోయారో ఎట్లా తెలుస్తుంది? అసలు ముఖం కనబడనప్పుడు మార్పును దేంట్లో చూడాలి?

జవాబు: సైకాలజీ_పాలమూరు

11 నుంచి 14 అయిందని కంగారు పడకండి. ముందు కొలిచే తీరు చూసుకోండి. పీహెచ్‌క్యూ-9 అడిగేది గడిచిన రెండు వారాల సంగతి. దాన్ని వారం వారం అడిగితే ఒకే వారం రెండుసార్లు లెక్కలోకి వస్తుంది. పూర్తి ప్రశ్నలు రెండు వారాలకోసారి చాలు. చావు ఆలోచనల గురించిన తొమ్మిదో ప్రశ్న మాత్రం ప్రతి కాల్‌లో అడగాలి. 5 పాయింట్లకు తక్కువ తేడాను మార్పు అనుకోకూడదు, మీ 3 పాయింట్లు ఆ లోపలే ఉన్నాయి. మొదటి స్కోరు సగానికి పడితే చికిత్సకు స్పందించినట్టు, 5 కంటే కిందికి వస్తే తేరుకున్నట్టు.

ఫోన్‌లో ఇంకో చిక్కుంది. నాలుగు ఆప్షన్లు చదువుతుంటే మూడోది వినేసరికి మొదటిది మరచిపోతారు, "ఆఁ, ఉంటది" అనేస్తారు. దానికి మీరు 2 వేస్తే అది మీ స్కోరే తప్ప వాళ్లది కాదు. "ఈ పద్నాలుగు దినాల్లో ఎన్ని దినాలు అట్లయింది?" అని అడిగి అంకె మీరే వేసుకోండి. అస్సలు లేకపోతే 0, కొన్ని రోజులైతే 1, సగం రోజులు దాటితే 2, దాదాపు రోజూ అయితే 3.

మొత్తం ఒక్కటే రాసుకుంటే ఏమీ తెలియదు, ప్రశ్నల వారీగా రాయండి. నిద్ర, నీరసం, ఆకలి (3, 4, 5 ప్రశ్నలు) ఈ మూడే కలిపి 9 పాయింట్ల దాకా పెంచగలవు. దసరా నుంచి సంక్రాంతి దాకా పొద్దంతా వంగి పత్తి ఏరే మనిషికి నీరసం ఉండకుండా ఎట్లా ఉంటుంది? మర్రిగూడ వైపు ఫ్లోరైడ్ కీళ్లనొప్పులతో నిద్ర పట్టనివాళ్లూ ఉంటారు. పెరిగింది ఈ మూడింట్లోనే అయితే పని, నొప్పి సంగతి చూడండి. ఆసక్తి, దిగులు, తనను తాను తిట్టుకోవడం (1, 2, 6) పెరిగితే డిప్రెషనే వెనక్కి లాగుతోందని అర్థం.

మెట్టు మెట్టుగా దిగాలన్న నియమమూ లేదు. కొందరిలో రెండు సెషన్ల మధ్య స్కోరు ఒక్కసారిగా పడుతుంది. టాంగ్, డెరూబీస్ అనే పరిశోధకులు 1999లో దీని మీద రాశారు. అట్లా పడినవాళ్లు చికిత్స ముగిసేసరికి మిగతావాళ్లకంటే మెరుగ్గా ఉన్నారు. అట్లాంటి కాల్‌లో "చాలా సంతోషం" అని ముందుకు పోకుండా, "పోయిన వారం ఏం వేరేగా చేసినవమ్మా?" అని గుచ్చి అడగాలి. మిగతా కాల్స్ అన్నీ ఆ జవాబు మీదే నడపాలి.

నెల గడిచినా 5 పాయింట్లు కూడా తగ్గకపోతే అదే పద్ధతి సాగదీయొద్దు. గోలీలు రోజూ వేసుకుంటున్నారా, థైరాయిడ్, హిమోగ్లోబిన్ చూపించుకున్నారా, ఇంట్లో కొట్టుడు ఉందా, తాగుడు ఉందా కనుక్కోండి. డాక్టరుకు మళ్లీ చూపించండి.

జవాబు: అచ్చంపేట_సిస్టర్

ముఖం కనబడకున్నా గొంతు వినబడ్తది గదా. ప్రతి కాల్ల మూడు రాసుకోండ్రి: అడిగినంక జవాబుకు ఎంతసేపు పట్టింది, జవాబు ఎంత పొడుగుంది, మనం అడగకుండనే ఏ ముచ్చట ఎత్తిన్రు. మొదట్ల "ఆఁ", "ఏం లేదు" తోనే నడుస్తది. మారుతున్నోళ్లు బర్రె ఈనిందనో, బిడ్డకు ఫీజు కట్టినమనో వాళ్లంతట వాళ్లే చెప్తరు. అదే మనిషిని మనసు ఎట్లుందని అడిగితే "గట్లనే ఉంది" అంటరు. మనసు మాట ఆఖర్న మారుతది. ముందు మారేది పొద్దున లేచే టైము, తానం, వాకిలి ఊడుసుడు, పక్కింటికి పోవుడు. గందుకే "ఎట్లున్నవ్" కంటే "ఇయ్యాల పొద్దుగాల లేచినంక ఏమేం చేసినవ్ అక్కా" అని అడుగుడు మేలు. గోవాల మామూలు కౌన్సెలర్లతోని నడిపిన హెల్దీ యాక్టివిటీ ప్రోగ్రామ్ (2017ల లాన్సెట్ అనే డాక్టర్ల పత్రికల వచ్చింది) కూడ 6 నుంచి 8 సిట్టింగులల్ల మనిషిని మెల్లమెల్లగ పనులల్లకు తెచ్చుడు మీదనే కట్టింది.

కాల్‌కు కాల్‌కు మధ్యల చెయ్యమని ఇచ్చే పనులు రెండింటికి మించి ఇయ్యొద్దు. "రోజు వాకింగ్ చెయ్యి" అంటే చెయ్యరు. "పాలు పిండినంక బాయికాడి దాక పోయి రా" అంటే చేస్తరు, ఎందుకంటే ఎప్పుడు చెయ్యాల్నో అండ్లనే ఉంది. ఫోన్ పెట్టేసే ముందు వాళ్లతోని తిరిగి చెప్పియ్యాలె. "సరే మేడం" అన్నంత మాత్రాన ఒప్పుకున్నట్టు గాదు. చెయ్యకపోతే తిట్టొద్దు, పని పెద్దగైందన్నట్టు, సగం చెయ్యండ్రి.

ఫోన్ ఎత్తనోళ్ల సంగతికొస్తే, సగం సార్లు కారణం మనసు గాదు. రీచార్జ్ అయిపోయి ఇన్‌కమింగ్ బందైతది. ఫోన్ కొడుకుది, ఆడు పట్నం పోతడు. పాలమూరు దిక్కు పూనాకో ముంబైకో పోయినోళ్లు సిమ్మే మారుస్తరు. కొత్త నంబరు చూస్తే లోన్ వాళ్లనుకొని కట్ చేస్తరు. మొదటి కాల్లనే ఇంకో నంబరు, దానికి చెయ్యనీకె పర్మిషన్ తీసుకోండ్రి. ఎప్పుడూ ఒకే నంబరు నుంచి చెయ్యండ్రి. వారంల మూడు వేరే వేరే టైములల్ల చూసి, ఎత్తకపోతే ఆశాను పంపుర్రి. గని ఆశాకు "దవాఖాన నుంచి ఫోన్ చేసిన్రు, మాట్లాడమన్నరు" అన్నంతే చెప్పాలె, రోగం పేరు చెప్పొద్దు. పోయిన కాల్ల తొమ్మిదో ప్రశ్నకు 1 గాని అంతకన్న ఎక్కువ గాని ఉంటే వారం ఆగుడు లేదు, ఆ దినమే మనిషి పోవాలె.

మళ్లీ: నల్లగొండ_ఫాలోఅప్

చాలా థాంక్స్ సార్, మేడం. మరి పక్కన భర్తో అత్తో ఉన్నప్పుడు తొమ్మిదో ప్రశ్న ఎట్లా అడగాలి? ఫోన్ స్పీకర్‌లో పెట్టేవాళ్లే ఎక్కువ.

జవాబు: సైకియాట్రీ_మహబూబ్‌నగర్

మొదటి కాల్‌లోనే ఒక మాట అనుకోండి. "బీపీ గోలీలు అయిపోయినయ్" అంటే పక్కన మనుషులున్నారు, తర్వాత చెయ్యమని. ప్రతి కాల్ మొదట్లో "స్పీకర్ ఆన్ ఉందా?" అని అడగాలి. ఉంటే అవును, కాదు అంటే సరిపోయే ప్రశ్నలే వేయండి, మిగతాది తర్వాతి కాల్‌కు ఉంచండి. పత్తి రోజుల్లో రాత్రి 8కి ఇల్లంతా ఇంట్లోనే ఉంటుంది కాబట్టి మధ్యాహ్నం సద్ది తినే వేళ నయం, కూలీల గుంపు నుంచి నాలుగడుగులు పక్కకు రమ్మనండి.

మందు వేసుకునేవాళ్ల మార్పులో ఒక ప్రమాదం ఉంది. గుణం కనబడడానికి 2 నుంచి 4 వారాలు పడుతుంది. కొందరిలో ఒంట్లో కదలిక ముందు వస్తుంది, నిరాశ ఆ తర్వాతే తగ్గుతుంది; ఆ మధ్యలో చావు ఆలోచన పని దాకా పోవచ్చు. కుర్రవాళ్లలో, అందులోనూ 25 లోపు వాళ్లలో, ఈ మొదటి వారాలు జాగ్రత్తగా చూడాలి. చాలా చెడ్డ వారం తర్వాత అకస్మాత్తుగా "ఇప్పుడేం బాధ లేదు సార్" అంటే దాన్ని మంచి వార్త అనుకునే ముందు తొమ్మిదో ప్రశ్న నేరుగా అడగండి. ఇంట్లో పురుగుమందు డబ్బాలుంటే తాళం వేయించండి, లేదా ఇంటి బయట వేరేవాళ్ల దగ్గర పెట్టించండి. అత్యవసరమైతే 108, మధ్యలో ఎప్పుడైనా మాట్లాడుకోవడానికి టెలీ మానస్ (ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్) 14416 నంబరు పేషెంట్‌కూ ఇంటివాళ్లకూ ఇచ్చి ఉంచాలి.

రాత్రి మూడు గంటలే పడుకుని అలసట లేదంటూ గడగడా మాట్లాడుతుంటే అది తేరుకోవడం కాదు, మేనియా (మనసు అదుపు తప్పి మరీ హుషారెక్కే జబ్బు) వైపు పోతుండొచ్చు. ఆ రోజే డాక్టరుకు చెప్పాలి. మన జిల్లాల్లో ఇంకోటి కూడా. మందు కలిపిన కల్లుకు అలవాటుపడ్డవాళ్లు ఒక్కసారి మానేస్తే రెండు మూడు రోజుల్లో నిద్ర పట్టకపోవడం, వణుకు, ఒక్కోసారి ఫిట్స్ వస్తాయి. అల్ప్రాజోలం, డైజిపాం లాంటి మత్తు మందులు కలిసిన కల్లు అది. ఫోన్‌లో అది డిప్రెషన్ ముదిరినట్టే వినబడుతుంది. కౌన్సెలింగ్ కాదు, దవాఖానకు పంపాలి.

8 కాల్స్ అయ్యాక ఫైలు మూసేయకండి. 2012లో జామా అనే వైద్య పత్రికలో వచ్చిన మోర్ బృందం అధ్యయనంలో 325 మందికి సీబీటీ (ఆలోచనలు, అలవాట్లు మార్చే మాటల చికిత్స) ఫోన్‌లో గానీ ఎదురుగా గానీ చేశారు. మధ్యలో మానేసినవాళ్లు ఫోన్‌లో 20.9 శాతం, ఎదురుగా 32.7 శాతం. చికిత్స ముగిసేసరికి రెండు గుంపులూ దాదాపు సమానం. ఆరు నెలల తర్వాత చూస్తే మాత్రం ఎదురుగా చేసినవాళ్లే కొంచెం మెరుగ్గా ఉన్నారు. కాబట్టి ఒకటో, మూడో, ఆరో నెలల్లో పది నిమిషాల కాల్ పెట్టుకోండి. "నయమైంది" అని గోలీలు ఆపేసేది కూడా ఆ మధ్యలోనే. తేరుకున్నాక కూడా కనీసం 6 నెలలు వేసుకోవాలని, ఆపేటప్పుడు డాక్టరు చెప్పినట్టు తగ్గించుకుంటూ రావాలని చివరి కాల్‌లో ఇంటివాళ్లకు కూడా వినిపించండి, పేషెంట్ ఒప్పుకుంటేనే.