టేలర్ స్ట్రీట్ ఒరిజినల్ జోస్ గుర్తున్నవాళ్లు ఉన్నారా?
శాన్‌ఫ్రాన్సిస్కోలో టెండర్‌లాయిన్ అనే బీదపేటలో, టేలర్ స్ట్రీట్ మీదున్న పాత ఒరిజినల్ జోస్‌కి తొంభైల్లో వెళ్లినవాళ్లు ఎవరైనా ఉన్నారా? 1937లో పెట్టిన ఇటాలియన్ రెస్టారెంట్. 2007లో అగ్నిప్రమాదం జరిగి మూతపడింది. 2012లో అదే ఊళ్లోని నార్త్ బీచ్ పేటలో మళ్లీ తెరిచారు, బాగానే ఉంది కానీ నా మనసంతా పాతదాని మీదే. కౌంటర్ దగ్గర కూర్చుంటే కళ్లముందే పెనం ఎగరేస్తూ జోస్ స్పెషల్ చేసేవారు: బీఫ్ కీమా, పాలకూర, ఉల్లిపాయ, గుడ్లు. వెయిటర్లేమో టక్సీడోల్లో! ఆ వీధి వాలకానికీ వాళ్ల వేషానికీ పొంతనే ఉండేది కాదు.

ఇంట్లో చేస్తే పాలకూర నీరు వదిలి గుడ్డంతా ముద్దైపోతోంది. వాళ్లు ఆకు ముందే ఉడికించి గట్టిగా పిండేవారా, పచ్చిదే వేసేవారా? చూసినవాళ్లు చెప్పండి. ఆ కౌంటర్ కనిపించే ఫోటో ఉంటే అదీ పెట్టండి, మా ఆవిడకి చూపించాలి.